రెండు ఒప్పందముల నడుమ

మా కళాశాలలో తెలుగు ఎం.ఏ. చదివి అనువాదమునే జీవనోపాధిగా గైకొన్న శిష్యుడొకడు ఈమధ్య నన్ను చూడవచ్చినాడు. మూడు మాసములు శ్రమించి ఒక పెద్ద గ్రంథమును తెలుగు చేసి ఇచ్చినాడట. ఆపైన పని లేకపోగా, ఉదయము సాయంత్రము పిల్లలకు ట్యూషన్లు, రాత్రివేళ ప్రూఫులు దిద్దుట ఒప్పుకొన్నాడు. రెండు మాసములకు మరియొక గ్రంథము అనువదింపుమని పిలుపు వచ్చినది. కాని ట్యూషన్లు ఏడాది చివరివరకు వదలుటకు వీలు లేకపోయినది. “మాస్టారూ, పూట గడచుటకు పట్టుకొన్న పని నా పనినే మ్రింగివేసినదండీ” అన్నాడు. ఆ మాట నా మనసున ముల్లువలె నిలిచినది.

సాహిత్యము చదివినవాడు చిల్లరపనులు చేయుట చిన్నతనమని తలచువారు ఇంకను కలరు. శ్రీశ్రీ 1950లో ‘ఆహుతి’ అను అనువాద చిత్రమునకు రచన చేసినారు. సినిమా పాటలు వ్రాసిన ఆరుద్రయే 1965 మొదలుకొని ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటములను వెలువరించినారు. వేడినీళ్లకు చన్నీళ్లు తోడు కావలసినదే. పని చిన్నదగుట దోషము కాదు. దానికి హద్దు లేకపోవుటయే దోషము.

ఆ హద్దును నిర్ణయించునది లెక్క. ఒక గ్రంథమునకు 60,000 రూపాయలు ప్రతిఫలమనుకొందము. పది శాతము ఆదాయపు పన్ను క్రింద ముందే కోయగా చేతికి వచ్చునది 54,000. మూడు నెలల కష్టము గనుక మూడు చేత భాగించి, నెలకు 18,000 వచ్చినవని మురిసిపోవుదుము. కాని ఆ పైకము పని లేని రెండు నెలలను కూడ పోషింపవలెను గదా! అయిదు చేత భాగించిన నెలకు 10,800 మాత్రమే. ఇంటి ఖర్చు 14,000 అయినచో నెలకు 3,200 కొరత. ఆ కొరత తీరుటకు ఎన్ని గంటలు కావలెనో అన్ని గంటలే చిన్న పనికి ఈయవలెను. అదియు ప్రూఫులవలె నాలుగు దినములలో ముగియునదైన మేలు. ఏడాది పొడుగునా కాళ్లకు బంధమగునది తగదు. ఇక పన్నుగా కోసిన 6,000 మాట. ఏడాది ఆదాయము పన్ను పరిమితికి లోపలనే ఉన్నచో, రిటర్ను దాఖలు చేసినవారికి అది తిరిగి వచ్చును. దానిని ఖర్చులో కలుపక ఆపద్ధనముగా దాచుకొనవలెను.

ఇచ్చువారు సకాలమున ఈయనపుడు ఈ లెక్క ఎందులకని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టమును మనవారు తెలిసికొనవలెను. సూక్ష్మ సంస్థగా నమోదైనవారి వద్ద పని చేయించుకొన్నవారు 45 దినములకు మించకుండ పైకము చెల్లింపవలెను. జాగు చేసిన చక్రవడ్డీ ఇచ్చుకొనవలెను. ఒంటరిగా పనిచేయు అనువాదకుడును ‘ఉద్యమ్’ అను పేర రుసుము లేకయే నమోదు కావచ్చును. ఒప్పందము వ్రాసికొనునాడే గడువును కూడ వ్రాయించుకొనుట మర్యాదకు లోపము కాదు.

“ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి” అను సామెతను తరగతిలో చెప్పి పిల్లలను నవ్వించితిమే గాని, ఉగాదినాటి గింజలలో కొన్ని శివరాత్రికి తీసిపెట్టు విధమును ఉపాధ్యాయులము నేర్పలేదు. ఛందస్సు నేర్పితిని, సమాసములు నేర్పితిని. ఒకటవ తేదీన జీతమందుకొను నాకు ఈ పాఠము తోచనే లేదు. తప్పులో నాకును పాలు కలదు. కలమును నమ్ముకొని బ్రతుకగోరు విద్యార్థికి వ్యాకరణముతోబాటు ఈ భాగాహారమును కూడ నేర్పి పంపుట మన విధి.

శిష్యునకు నాడు కాగితము మీద ఆ లెక్క వేసి చూపితిని. వేసవితో ట్యూషన్లు ముగించెదననియు, రాబోవు గ్రంథపు పైకమును అయిదు చేతనే భాగించెదననియు చెప్పి, ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొని వెళ్లినాడు.