పాఠం బడిలోనే ఉంటే ఉన్న నెట్ సరిపోతుంది

ఒక ప్రభుత్వ పాఠశాల కంప్యూటర్ గదిలో 40 మంది విద్యార్థులు, 10 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నాయనుకుందాం. కిరణజన్య సంయోగక్రియ మీద 100 మెగాబైట్ల వీడియోను అందరూ ఒకేసారి తెరిస్తే, అదే వీడియో అదే కనెక్షన్ మీద 40 సార్లు రావాలి. బైటుకు 8 బిట్లు కాబట్టి, లెక్క ప్రకారం ఇందుకు దాదాపు 53 నిమిషాలు పడుతుంది. పీరియడ్ అక్కడితో సరి! దాన్నే ముందుగా ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి గదిలోని ఒక కంప్యూటర్లో ఉంచడానికి 80 సెకన్లు చాలు. ఆ తర్వాత పిల్లలకు అందేది గది లోపలి నెట్‌వర్క్ ద్వారానే.

నెట్ నెమ్మదిగా ఉందనగానే పెద్ద ప్లాన్ కొనాలంటారు. డేటా ఎక్కడి నుంచి వస్తోందని అడిగేవారు తక్కువ.

ఒకప్పుడు కాలేజీల్లో స్క్విడ్ వంటి ప్రాక్సీ సర్వర్లు ఈ పనిని వాటంతటవే చేసేవి. ఒకరు తెరిచిన పేజీని దాచి, తర్వాతివారికి అందించేవి. ఇప్పుడు వెబ్‌సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్‌తో డేటాను గుప్తీకరిస్తున్నాయి. మధ్యలోని సర్వర్‌కు అందులో ఏముందో తెలియదు, కాబట్టి దాచలేదు. వ్యక్తిగత గోప్యతకు ఇది మేలే. కానీ ఏది దగ్గర ఉంచుకోవాలో ఇక మనుషులే ముందుగా ఎంచుకోవాలి.

అందుకు సాధనాలు ఉన్నాయి, అవీ ఉచితంగానే. 2007లో మొదలైన కివిక్స్‌తో తెలుగు వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండా చదవవచ్చు. కొలిబ్రీతో వీడియో పాఠాలు, అభ్యాసాలు స్థానికంగా అందించవచ్చు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ మీదా ఇవి నడుస్తాయి.

అన్నీ దాచుకోదగ్గవి కావు. విజ్ఞాన సర్వస్వం రెండు నెలల పాతదైనా నష్టం లేదు, తుపాను హెచ్చరిక రెండు గంటల పాతదైతే ప్రమాదం. పరీక్షా ఫలితాలు, వాతావరణ సమాచారం నేరుగా మూలం నుంచే రావాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రాత్రిపూట వస్తే చాలు.

టీచరు ఎంచిన పాఠాలకే పిల్లల్ని కట్టేసినట్టు కాదా అన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. అయితే 39 మంది ఒకే వీడియో కోసం కనెక్షన్‌ను నింపేస్తే, పాఠంలో లేని ప్రశ్నకు జవాబు వెతికే నలభయ్యో విద్యార్థికి పేజీ తెరుచుకోదు. పాఠం బడిలోనే ఉంటే కనెక్షన్ ఆమెకు ఖాళీగా దొరుకుతుంది.

అసలు చిక్కు నిర్వహణది. నెలకోసారి ఆ పాఠాలను తాజా చేసే మనిషి లేకపోతే సర్వర్ బీరువా మీద దుమ్ము పట్టిపోతుంది. ఎంబీపీఎస్‌లకు బడ్జెట్ రాసేటప్పుడే ఆ మనిషి సమయానికీ ఒక పద్దు రాయాలి.