తోట పేరు - నాలుక తీర్పు

2018వ సంవత్సరము అక్టోబరులో న్యూయార్కు నగరమున జరిగిన వేలములో ఒక్క సీసా ద్రాక్షాసవము 5,58,000 డాలర్లకు అమ్ముడుపోయినది. అది ఫ్రాన్సు దేశమున, బర్గండీ సీమలోని రొమానే కోంతీ అను తోటలో 1945లో పండిన ద్రాక్షతో చేసిన ఎర్రని వైను. ఆ తోట మొత్తము సుమారు నాలుగున్నర ఎకరములు మాత్రమే. ఇంత వెల రుచికా, పేరుకా? పానమును మెచ్చుకొనుటకు గాక, వస్తువుల విలువ ఎట్లు నిర్ణయమగుచున్నదో తెలిసికొనుటకు ఈ ప్రశ్న విచారింపదగినది.

వైనును సాధారణముగా పలుతోటల పంటను కలిపి చేయుదురు. ఒకే తోట పంటతో చేసి, ఆ తోట పేరనే అమ్మునది వేరొక తరగతి. బర్గండీలో ఈ సంప్రదాయము ప్రాచీనమైనది. క్లో ద వూజో అను ప్రసిద్ధమైన తోటను 12వ శతాబ్దిలో సిస్టర్షియన్ సన్యాసులు నెలకొల్పిరి. ఆ కొండవాలున మట్టి, నీటి పారుదల, ఎండ తగులు తీరు కొద్ది దూరములోనే మారిపోవును. అందుచేత అచ్చటివారు క్షేత్రమునకొక పేరు పెట్టి, హద్దులు నిలిపిరి. అట్టి క్షేత్రములు 1,247 కలవు. 2015లో యునెస్కో సంస్థ వానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. అచ్చట ఎర్ర వైనుకు వాడు ద్రాక్ష దాదాపుగా పినో న్వార్ ఒక్కటే. కావున ప్రక్క ప్రక్క తోటల రుచిలో భేదమున్నచో అది నేల గుణమే యని వారి వాదము. బనగానపల్లె మామిడికి 2017లో లభించిన భౌగోళిక గుర్తింపునకును మూలమైన భావము ఇట్టిదే.

ఈ వాదమును పరీక్షింపవలసినది నాలుక. పరీక్షకులు వైను రంగు చూతురు. గ్లాసును త్రిప్పి వాసన పీల్తురు. ఒక గ్రుక్క నోట నుంచుకొని పులుపును, ద్రాక్ష తొక్కనుండియు గింజలనుండియు వచ్చు వగరును గమనించి ఉమ్మివేయుదురు. జాగ్రత్తపరులు పేరు కానరాకుండ సీసాలకు గుడ్డ చుట్టుదురు. కారణము లేకపోలేదు. బోర్డో విశ్వవిద్యాలయమున వైను శాస్త్రము చదువు 54 మంది విద్యార్థులపై జరిపిన ప్రయోగమొకటి 2001లో ప్రకటితమైనది. తెల్ల వైనులో వాసన లేని ఎర్రరంగు కలిపి యిచ్చిరి. విద్యార్థులు దానిని ఎర్ర వైనుకు వాడు మాటలతోనే వర్ణించిరి. కన్ను చెప్పినదే ముక్కు వినినది!

కన్నే యింత మోసపుచ్చగా, పేరు ఎంత మోసపుచ్చునో ఊహింపవచ్చును. 2008లో న్యూయార్కు వేలమునకు క్లో సాన్ దెనీ అను తోట పేర, పొన్సో కుటుంబపు ముద్రతో, 1945 మొదలు 1971 వరకు గల సంవత్సరములు వ్రాసిన సీసాలు వచ్చినవి. కాని ఆ కుటుంబము ఆ తోట వైనును చేయనారంభించినది 1982లో! లోరాన్ పొన్సో స్వయముగా ఫ్రాన్సునుండి వచ్చి ఆ సీసాల అమ్మకమును ఆపించెను. వానిని పంపిన రూడీ కుర్నియావాన్ 2012లో అరెస్టయి, 2014లో పదేండ్ల శిక్ష పొందెను. అంతకు పూర్వము అతడు పోసిన వైనులను రుచిచూచి శ్లాఘించిన రసజ్ఞులు పెక్కుమంది. ఈ సీసాల గుట్టు రట్టు చేసినది నాలుక కాదు, తారీఖు.

ఇపుడు పేరునకు మరియొక పరీక్ష వచ్చినది. బర్గండీలోని బోన్ పట్టణమున ద్రాక్షకోతల తేదీలు 1354 నుండి లభించుచున్నవి. 2019లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28 ప్రాంతమున ఆరంభమగుచుండెను. 1988 తరువాత సగటున 13 రోజులు ముందునకు జరిగినది. వేడిమి హెచ్చిన కొలది పండులో తీపి పెరుగును, పులుపు తగ్గును. తోట పేరు నేలకు మాత్రమే గాక, ఆ నేలపై కాయు ఎండకును సాక్ష్యము. హద్దురాళ్లు కదలలేదు, ఋతువు కదలినది. పేరు పాతదే యైనను, అది చెప్పు రుచి పాతదిగా నిలుచునా? ఈ ప్రశ్న వేలము పాడు ధనికులకంటె ఆ తోటలపై బ్రదుకు కృషీవలులకు ముఖ్యమైనది.

పేరు వ్యర్థమని దీని తాత్పర్యము కాదు. తరతరముల రైతుల పరిశీలన ఆ పేర్లలో నిలిచియున్నది. అయితే ఆ పేర్లను నిలిపినది పరిశీలనయే గనుక, వానిని కాపాడవలసినదియు పరిశీలనయే. గుడ్డ చుట్టిన సీసా, తప్పక వ్రాసిపెట్టిన తేదీ - ఈ రెండును ఏ విద్యకైనను పనికివచ్చు సాధనములు. తరగతిగదిలో ఉపాధ్యాయుడు నేర్పదగిన పాఠము ఇదియే.