ఏదెనులో వెలసిన తొలి ఇల్లు

మన దేవాలయాల్లో జరిగే పరిశుద్ధ వివాహాలలో ఆదికాండము రెండవ అధ్యాయం వినబడని సందర్భం అరుదు. వధూవరులు వేదిక ముందు నిలువగా, నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడు తలచిన ఘట్టాన్ని దైవసేవకుడు చదువుతాడు. బంధుమిత్రులు 'ఆమేన్' అంటారు. విందు ముగుస్తుంది, పందిరి విప్పుతారు, కొత్త కాపురం మొదలవుతుంది. కొంతకాలానికి అదే ఇంట్లో, అదే స్త్రీకి, అదే గ్రంథంలోని మరొక మాట వినబడుతుంది. భర్త భార్యను ఏలుతాడన్న మూడవ అధ్యాయపు మాట అది. పెండ్లినాడు రెండవ అధ్యాయం, కాపురంలో మూడవ అధ్యాయం! ఈ రెండింటి నడుమ దూరం ఒక్క పుటే. కాని ఆ ఒక్క పుటలోనే మానవుడు దేవునికి దూరమయ్యాడు. క్రైస్తవ కుటుంబం ఈ రెండు అధ్యాయాలలో దేనిమీద నిలవాలి? ప్రతి విశ్వాసి తన ఇంటి గడపలో నిలిచి వేసుకోవలసిన ప్రశ్న ఇది.

ముందు మొదటి అధ్యాయం చూద్దాం. దేవుడు నరుని తన స్వరూపమందు సృజించాడని, స్త్రీనిగాను పురుషునిగాను సృజించాడని అక్కడ ఉన్నది (ఆది. 1:27). ఆ వెంటనే వచ్చే ఆశీర్వాదం ఇద్దరికీ కలిపి ఇచ్చినది. ఫలించమన్నదీ ఇద్దరితోనే, భూమిని లోపరచుకొమ్మన్నదీ ఇద్దరితోనే. సముద్రపు చేపలను, ఆకాశపక్షులను, భూజంతువులను ఏలమన్నాడే గాని ఒకరినొకరు ఏలుకొమ్మని ఆ ఆశీర్వాదంలో ఎక్కడా లేదు.

సృష్టిని చూచి దేవుడు ఏడుసార్లు మంచిదన్నాడు. ఏడవసారి చాలా మంచిదన్నాడు. అటువంటి లోకంలో మంచిది కానిదంటూ ఆయన మొదట ఎత్తి చూపినది నరుని ఒంటరితనాన్ని. అందుకు ఆయన సిద్ధపరచిన జవాబు 'సాటియైన సహాయం' (ఆది. 2:18). హెబ్రీ మూలంలో 'ఎజెర్' అన్న పదం సహాయాన్ని సూచిస్తుంది. పాత నిబంధనలో ఈ పదం ఎక్కువసార్లు వాడినది దేవుని గురించే. కొండలతట్టు కన్నులెత్తిన 121వ కీర్తనకారుడు యెహోవాను తన సహాయంగా చెప్పుకొన్నప్పుడు వాడినదీ ఈ పదమే. కనుక సహాయకురాలనగానే పనిమనిషి అన్న భావన ఈ వాక్యంలో లేదు. దాని వెంట ఉన్న 'కెనెగ్దో' అన్న మాటకు ఎదురుగా నిలిచినది, సరిజోడైనది అని అర్థం. మన తెలుగు బైబిలు అనువాదకులు దానికి ఎంచుకొన్న 'సాటి' అన్న మాట ఎంత చక్కనిది! సాటి అంటే సమానం, సరితూగేది. విచారకరమేమంటే, కాలక్రమాన మన ఇండ్లలో 'సహాయం' మిగిలి 'సాటి' జారిపోయింది.

దేవుడు స్త్రీని ఆదాము ప్రక్కటెముకనుండి నిర్మించాడు. అక్కడి 'సేలా' అన్న హెబ్రీ పదానికి ప్రక్క అనే అర్థం కూడా ఉన్నది. నిబంధన మందసపు ప్రక్కలను చెప్పేటప్పుడు నిర్గమకాండములో వాడినది ఈ పదాన్నే. పన్నెండవ శతాబ్దపు వేదాంతి పీటర్ లొంబార్డు దీనిని వివరిస్తూ, ఏలడానికి తలనుండి గాని, సేవ చేయడానికి పాదాలనుండి గాని కాక, తోడుగా నిలవడానికే స్త్రీ ప్రక్కనుండి తీయబడిందని బోధించాడు. ఎనిమిది వందల ఏండ్లు దాటినా పెండ్లి ప్రసంగాలలో ఈ భావం పలుకుతూనే ఉన్నది. పెదవులమీద నిలిచినంతగా అది ఇండ్లలో నిలిచిందా అన్నదే సందేహం.

ఆ అధ్యాయం చివర మరొక ఆశ్చర్యం ఉన్నది. పురుషుడు తన తండ్రిని తల్లిని విడిచి భార్యను హత్తుకొంటాడని, వారిద్దరూ ఏకశరీరమవుతారని అక్కడ వ్రాయబడింది (ఆది. 2:24). ఆనాటి సమాజంలో పుట్టిల్లు విడిచి వచ్చేది స్త్రీయే. నేటికీ మనలో అంతే. అయినా విడిచిపెట్టవలసినవాడుగా లేఖనం పేర్కొన్నది పురుషుని. తల్లిదండ్రులను గాలికి వదలమని దీని అర్థం కాదు. వారిని సన్మానించడం పది ఆజ్ఞలలో ఒకటి. దేవునికి అర్పితమన్న సాకుతో తల్లిదండ్రుల పోషణ ఎగవేసినవారిని యేసుప్రభువు గట్టిగా గద్దించాడు. సిలువమీద వేదన పడుతూ కూడా తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఇక్కడ విడిచిపెట్టవలసినది తల్లిదండ్రులను కాదు, వారి చాటున దాగి భార్యకు అన్యాయం చేసే అలవాటును. ఇంటికి వచ్చిన కోడలు ఒక్కతే అన్నీ విడిచి, కొడుకు ఏమీ విడువకపోతే ఆ ఇంట రెండవ అధ్యాయం సగమే నెరవేరినట్లు.

ఇక మూడవ అధ్యాయం. పండు తిన్న తరువాత దేవుడు ప్రశ్నించినప్పుడు, నీవు ఇచ్చిన స్త్రీయే నాకిచ్చిందని ఆదాము నేరం ఆమెమీదికి నెట్టాడు. తన ఎముకలో ఎముక అని మురిసినవాడే ఆమెను వేలెత్తి చూపాడు. తొలి దాంపత్యంలో తొలి పగులు అదే. ఆ తరువాతనే ప్రసవవేదన, భర్త ఏలుబడి, ముండ్ల తుప్పలు, నొసటి చెమట అన్నీ ఒకే వరుసలో వచ్చాయి (ఆది. 3:16-19). ఇవి పాపం తెచ్చిన పర్యవసానాలు. సృష్టికర్త మొదట గీసిన ఇంటి నమూనాలో ఇవి లేవు.

ఇందుకు చరిత్రలో ఒక చక్కని నిదర్శనం ఉన్నది. 1847లో స్కాట్లాండు దేశపు ఎడిన్‌బరో నగర వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులను తగ్గించడానికి క్లోరోఫారం వాడాడు. స్త్రీ వేదనతో కనాలన్న లేఖనానికి ఇది విరుద్ధం కాదా అన్న అభ్యంతరాలకు జవాబుగా ఆయన అదే యేడు ఒక కరపత్రం ప్రచురించాడు. భూమి ముండ్లు మొలిపిస్తుందన్న మాటా అక్కడే ఉన్నది గదా, మరి రైతు ముండ్లు పెరికివేస్తే పాపమవుతుందా అని వాదించాడు. ఆదామునుండి ఎముకను తీసేముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించాడని గుర్తుచేశాడు. ఆ వాదంలోని బలాన్ని మనం మన ఇండ్లకు అన్వయించుకోవాలి. చేలో ముండ్లను వాక్య నెరవేర్పు అని ఎవరూ నీళ్లు పోసి పెంచరు. మరి అదే వరుసలో ఉన్న ఏలుబడిని మాత్రం దేవుని ఆజ్ఞ అని ఇంట్లో పెంచి పోషించడం ఏ న్యాయం?

ఏదెను ద్వారం మూసుకొన్న తరువాత ఆదికాండము చూపే ఇండ్లను పరిశీలించండి. బైబిలులో ఇద్దరు భార్యలను చేసుకొన్న మొదటివాడు కయీను వంశంలోని లెమెకు (ఆది. 4:19). భర్త భార్యతో నేరుగా పలికినట్లు లేఖనంలో కనబడే తొలి మాటలు కూడా ఇతనివే. అవి ప్రేమ వాక్యాలు కావు. తనను గాయపరచిన మనుష్యుని చంపానని ఆదాకు, సిల్లాకు చెప్పుకొన్న ప్రగల్భాలు. మూడవ శతాబ్ది ఆరంభంలో తెర్తుల్లియను ఈ సంగతిని ఎత్తి చూపి, బహుభార్యాత్వానికి నాంది పలికినది శాపగ్రస్తుల వంశమేనన్నాడు. లేఖనం దీనిని వ్రాసిపెట్టిందే గాని మెచ్చుకోలేదు. జరిగినది చెప్పడం వేరు, జరగవలసినది చెప్పడం వేరు. ఈ భేదం తెలియకపోతే పితరుల తప్పులన్నీ మనకు ప్రమాణాలవుతాయి.

అబ్రాహాము విశ్వాసులకు తండ్రి. అయినా అతని ఇంట హాగరు కన్నీరు పెట్టింది. పిల్లలు లేని భార్య తన దాసిని భర్తకిచ్చి సంతానం పొందడం ఆనాటి ప్రాచీన సమీప ప్రాచ్యంలో ఉన్న ఆచారమే. బబులోను రాజు హమ్మురాబి ధర్మశాసనంలోనూ ఇటువంటి ఏర్పాటు కనబడుతుంది. లోకాచారమైనంత మాత్రాన అది శాంతినివ్వలేదు. శారా గాని, అబ్రాహాము గాని హాగరును పేరు పెట్టి పిలిచినట్లు ఆ కథలో లేదు. వారి నోట ఆమె 'దాసి' మాత్రమే. ఆమెను పేరుతో పిలిచినది అరణ్యంలో నీటిబుగ్గ దగ్గర కనిపించిన యెహోవా దూత. ఆయనను చూచుచున్న దేవుడని ఆమె పేర్కొన్నది (ఆది. 16:13). యజమానులు చూడని కన్నీటిని దేవుడు చూచాడు.

ఇస్సాకు వివాహఘట్టంలో మాత్రం ఏదెను సువాసన కొంత వీస్తుంది. ఈ మనుష్యునితో వెళ్తావా అని రిబ్కాను అడిగారు, ఆమె వెళ్తానన్నది (ఆది. 24:58). నాలుగు వేల ఏండ్లనాటి లోకాన్ని చిత్రించే ఈ కథలో పెద్దలు పిల్ల సమ్మతి అడిగారన్నది మనం మరువరాదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఆ సంబంధంలో బంగారం, వెండి, వస్త్రాలు తెచ్చి ఇచ్చినది వరుని పక్షం. యాకోబు ఇవ్వడానికి ఏమీ లేక ఏడేసి ఏండ్ల చొప్పున పద్నాలుగేండ్లు కొలువు చేశాడు. లాబాను కుమార్తెలకు దాసీలనిచ్చిన మాట నిజమే. కాని పెండ్లికొడుకు ఇంత ఇస్తేనే తాళి కడతానని బేరమాడిన ఘట్టం ఆదికాండములో ఒక్కటీ లేదు. ఆడపిల్ల పేరిట లాభం చూచుకొన్న లాబానును అతని కుమార్తెలే, తండ్రి మమ్మును అమ్మివేశాడని నిందించారు (ఆది. 31:15). మన దేశంలో వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అయినా బైబిలు చేతబట్టి పెండ్లి ప్రమాణం చేసేవారిలోనూ తెరవెనుక లెక్కలు తేల్చుకొనేవారు ఉన్నారు. ఇవి ఏ అధ్యాయంనుండి నేర్చుకొన్నవో వారే చెప్పాలి.

యాకోబు ఇంటి కథ మరింత దయనీయం. అక్కచెల్లెండ్రిద్దరు ఒకే భర్తకు భార్యలై ఏండ్ల తరబడి పోటీ పడ్డారు. అటువంటి వివాహాన్ని తరువాత ధర్మశాస్త్రమే నిషేధించింది (లేవీ. 18:18). ఆ ఇంట ప్రేమకు నోచుకోనిది లేయా. ప్రతి బిడ్డ పుట్టినప్పుడూ భర్త ఇకనైనా తన్ను ప్రేమిస్తాడని ఎదురు చూచింది. నాలుగవవాడు పుట్టినప్పుడు భర్త మాట ఎత్తలేదు. దేవుని స్తుతించి ఆ బిడ్డకు యూదా అని పేరు పెట్టింది. ఆ యూదా వంశంలోనే దావీదు, ఆ దావీదు వంశంలోనే క్రీస్తు జన్మించారు. భర్త కంటికి ఆననిదాన్ని దేవుడు రక్షకుని వంశానికి మాతృమూర్తిని చేశాడు. అయితే దీనిని చూపి, సహిస్తే ఆశీర్వాదం వస్తుందిలే అని బాధపడే స్త్రీని ఊరుకోబెట్టరాదు. దేవుడు లేయాను కనికరించాడే గాని, ఆమెను ద్వేషించడాన్ని సమర్థించలేదు.

ఈ కథలన్నింటినీ ఎలా చదవాలో యేసుప్రభువే నేర్పాడు. భార్యను ఏ హేతువుచేతనైనా విడనాడవచ్చునా అని పరిసయ్యులు అడిగినప్పుడు ఆయన పితరుల ఉదాహరణలకు పోలేదు. ఆదికాండము మొదటి అధ్యాయపు మాటను, రెండవ అధ్యాయపు మాటను జతచేసి వారి ముందుంచాడు (మత్తయి 19:4, 5). మోషే పరిత్యాగపత్రికను అనుమతించినది వారి హృదయకాఠిన్యాన్నిబట్టియే గాని ఆదిలో అలా లేదన్నాడు. క్రైస్తవ వ్యాఖ్యానానికి తాళపుచెవి ఇదే. లెమెకు కాదు, లాబాను కాదు, చివరకు అబ్రాహాము, యాకోబులు కూడా కాదు. పతనానికి ముందున్న దేవుని సంకల్పమే మన కుటుంబానికి కొలబద్ద.

మరి భర్త భార్యకు శిరస్సని పౌలు వ్రాయలేదా అని అడుగుతారు. వ్రాశాడు. అయితే ఒకరికొకరు లోబడియుండాలన్న మాట తరువాతనే వ్రాశాడు. క్రీస్తు సంఘం కొరకు తన్ను తాను అప్పగించుకొన్నట్లు ప్రేమించమని భర్తలకు ఆజ్ఞాపించాడు. ఆ మాటలకు ఆధారంగా ఆదికాండము రెండవ అధ్యాయాన్నే ఎత్తిచూపాడు (ఎఫెసీ. 5:21-31). శిరస్సన్న మాటను సంఘాలు వేర్వేరుగా వివరించినా, దాని కొలత సిలువ అన్నదాంట్లో భేదం ఉండనక్కరలేదు. క్రీస్తు తలకు ముండ్ల కిరీటం పెట్టారు. శాపపు ముండ్లను ఆయన తన శిరస్సుమీద ధరించాడే గాని వధువుకు గ్రుచ్చలేదు. నాలుగవ శతాబ్దపు మహావక్త యోహాను క్రిసోస్తోము ఈ భాగాన్ని బోధిస్తూ, దాసుని భయంతో కట్టివేయవచ్చునేమో గాని జీవిత భాగస్వామిని ప్రేమతోనే నిలుపుకోవాలన్నాడు. వణికే భార్యతో భర్తకు ఏమి సంతోషమని నిలదీశాడు.

సంతానం లేని దంపతులకు కూడా ఇక్కడ ఒక ఆదరణ ఉన్నది. రెండవ అధ్యాయంలో వివాహానికి ఇచ్చిన నిర్వచనంలో బిడ్డల ప్రస్తావన లేదు. ఏకశరీరం కావడంతోనే అది ఇల్లయింది. బిడ్డలు దేవుని వరమే, కాని వారు లేనంత మాత్రాన ఆ ఇల్లు అసంపూర్ణం కాదు. కోడలిని గొడ్రాలని ఎత్తిపొడిచే నాలుక ఏ వాక్యాన్నీ సాక్ష్యంగా తెచ్చుకోలేదు.

పతనమైన ఆదాము చెట్లచాటున దాగినప్పుడు, నీవెక్కడ ఉన్నావని దేవుడు అడిగాడు. ఈ ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్లే ప్రతి భర్తనూ ఆ స్వరం అడుగుతున్నది. రెండవ అధ్యాయంలోనా, మూడవ అధ్యాయంలోనా? జవాబు నోటితో చెప్పనక్కరలేదు. ఇంటిలోని ఆమె ముఖమే చెబుతుంది.