మొదటి రెండు నిమిషాలు

"అనగా అనగా ఒక రాజు" అనగానే పిల్లలు చాప మీద దగ్గరగా జరుగుతారు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులని, వాళ్లు వేటకు వెళ్లి ఏడు చేపలు తెస్తారని, అందులో ఒకటి ఎండదని వాళ్లకు ముందే తెలుసు. తెలిసినా వింటారు. అసలు తెలుసు కనుకనే వింటారు. ఒగ్గు డోలు మీద మొదటి దెబ్బ పడగానే మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు పని చాలించి వచ్చి కూర్చుంటారు; రాబోయేది మల్లన్న కథో ఎల్లమ్మ కథో ఆ దెబ్బలోనే తెలిసిపోతుంది. చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ ఇలా ముందే కుదిరిన ఒప్పందాన్ని మనం ఆనవాయితీ అంటాము. కథకు అది గడప వంటిది. గడప లేని ఇంట్లోకి అడుగు పెట్టాలంటే ఎవరికైనా కాస్త బెదురే.

ఈ సంగతంతా ఎందుకు తలకెత్తుకున్నానంటే, మా అక్క మనవరాలు హైదరాబాదులో సినిమా చదువు చదువుతోంది. పోయిన ఎండాకాలం నందిపేటకు వస్తూ ముగ్గురు స్నేహితులనూ, ఒక కెమెరానూ వెంటబెట్టుకొచ్చింది. సైన్సు కథ ఒకటి ఊహించుకుని, దాని ఆరంభం మాత్రం, సరిగ్గా రెండు నిమిషాలు, తీసి చూపించాలట. తక్కిన సినిమా తియ్యనక్కరలేదు. ఆ రెండు నిమిషాల్లోనే చూసేవారికి ఇది ఏ జాతి కథో, ఎక్కడ జరుగుతోందో, ఏ ముప్పు రాబోతోందో తెలిసిపోవాలి. పాత్రలు నోటితో విప్పి చెప్పకూడదు.

"ఆరంభం ఒక్కటే తీసేదేమిటే, పెళ్లిచూపులు అయ్యాక పెళ్లి లేనట్టు!" అన్నాను.

"గంతే తాతా, మార్కులు దానికే," అంది పిల్ల.

నలుగురూ మా అరుగు మీద కూర్చుని సైన్సు సినిమాల ఆనవాయితీలన్నీ కాగితం మీద జాబితా వేశారు. తెర మీద సంవత్సరం అంకె, వెనక్కి లెక్కపెట్టడం, మిణుకుమిణుకుమనే దీపాల యంత్రం, జుట్టు చెదిరిన శాస్త్రజ్ఞుడు, పాడుబడిన పట్నం, గుండెలు అదిరే చప్పుడు. చదువుతుంటే నాకు విఠలాచార్య గారి జానపద చిత్రాలు గుర్తొచ్చాయి. మాంత్రికుడు, గుహ, అస్థిపంజరం, మంత్రదండం: వీటిలో ఒక్కటి కనబడితే చాలు, మేము నేల టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లం స్థిమితపడి కూర్చునేవాళ్లం. శాస్త్రజ్ఞుడికీ మాంత్రికుడికీ చుట్టరికం ఉన్నదని నేనంటే పిల్లలు నవ్వారు గాని, అది ఉత్త మాట కాదు. ఫ్రాన్సులో జార్జి మెలియే 1902లో చంద్రలోక యాత్ర సినిమా తీశాడు. ఆయన స్వతహాగా రంగస్థలం మీద ఇంద్రజాలం చేసేవాడు. ఆ సినిమా మొదలయ్యేది ఖగోళ పండితుల సభతో. ఆ పండితులు తొడుక్కున్నవి పొడుగు అంగీలు, పెట్టుకున్నవి కొనదేరిన టోపీలు. అచ్చం మాంత్రికుల వేషమే! కొత్తరకం కథకు ప్రేక్షకులను అలవాటు చెయ్యాలంటే పాత కథ దుస్తులు తొడగాలని ఆయనకు తెలుసు.

మన తెలుగువాళ్లూ ఆ దారినే నడిచారు. 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె మూత తెరిస్తే దూరాన ఉన్న ప్రియుడు కనిపిస్తాడు. ఈనాడు మన చేతుల్లో ఉన్న ఫోను చేసే పని అదే కదూ! ఆ చిత్రానికి కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారే 1991లో 'ఆదిత్య 369' తీసి, కాలయంత్రాన్ని ఒకసారి కృష్ణదేవరాయల కాలానికీ మరోసారి 2504కీ నడిపించారు. కాలయంత్రం అన్న ఊహను హెచ్.జి.వెల్స్ 1895లోనే నవలగా రాశాడు. దాన్ని తెనాలి రామకృష్ణుడి పక్కన నిలబెట్టడం మాత్రం మనవారి తెలివి. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' మొదలయ్యేది రాకెట్టుతో కాదు, కురుక్షేత్రంతో. భారతం తెలిసిన ప్రేక్షకుడికి ఆ గడప మీదుగా లోపలికి రావడం సులువు.

ఇక వెనక్కి లెక్కపెట్టే సంగతి. పది, తొమ్మిది, ఎనిమిది అంటూ సున్నా దాకా లెక్కించి రాకెట్టు వదలడం శ్రీహరికోటలో చూస్తూనే ఉన్నాం. దాన్ని జనానికి పరిచయం చేసినవాడు సినిమావాడే. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1929లో చంద్రుడి మీదకు వెళ్లే స్త్రీ కథను మూకీ చిత్రంగా తీశాడు. ముందుకు లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో చూసేవాడికి తెలియదు. వెనక్కి లెక్కపెడితే సున్నా దగ్గర ఏదో జరుగుతుందని తెలిసి ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. ఆయన యుక్తి అది. మాట లేని చిత్రం కనుక అంకెలను తెర మీద అక్షరాలుగానే వేశాడు.

"ఇవన్నీ సరే గాని, మనకు రాకెట్టెక్కడిది?" అన్నాడు పిల్లల్లో ఒకడు. బోధన్ కుర్రవాడు వాడు.

ఈ చింత వీళ్లకే కాదు. అమెరికాలో జార్జి లూకాస్ విద్యార్థిగా 1967లో పదిహేను నిమిషాల సైన్సు సినిమా తీసినప్పుడు సెట్లు వెయ్యలేదు. ఉన్న భవనాల నడవాలనే రాబోయే కాలపు చెరసాలగా చూపించాడు. పదేళ్లకు ఆయనే 'స్టార్ వార్స్' తీస్తూ, ఇది ఎప్పుడో ఎక్కడో దూరాన జరిగిందని అక్షరాలతో మొదలుపెట్టాడు. అది వాళ్ల "అనగా అనగా". జాన్ కార్పెంటర్ బృందం విద్యార్థులుగా మొదలుపెట్టి 1974లో విడుదల చేసిన 'డార్క్ స్టార్'లో గ్రహాంతర జీవి అంటే సముద్రపుటొడ్డున పిల్లలు ఆడుకునే గాలిబంతి! ఆ బృందంలోని డాన్ ఓబానన్ అదే ఊహను భయం పుట్టేలా మళ్లీ రాస్తే, 1979లో 'ఏలియన్' అయింది. ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో దాదాపు అంతా కదలని ఫోటోలతోనే ఇరవై ఎనిమిది నిమిషాల కాలప్రయాణ కథ చెప్పాడు. డబ్బు లేకపోతే ఆనవాయితీ లొంగదన్న మాట నిజం కాదు; అది అడిగేది గుర్తు, వైభవం కాదు.

కనుక పిల్లలు ఊరి మీద పడ్డారు. పసుపు సీజను అయిపోయింది; ఒక రైతు చింతచెట్టు కింద నిలబెట్టిన పసుపు బాయిలరు వాళ్ల కంటబడింది. మీలో చూడనివారికి చెబుతాను: పచ్చి కొమ్ములను ఉడికించడానికి ఇనుప పీపాలు, గొట్టాలు, ఆవిరి మీటరు అన్నీ చక్రాల మీద అమర్చి, ట్రాక్టరుకు కట్టి పొలం నుంచి పొలానికి లాక్కుపోయే యంత్రమది. ఆవిరి కక్కుతుంటే కాలయంత్రం కాదని ఎవరూ అనలేరు. బోధన్ కుర్రవాడు తమ ఊరి చక్కెర ఫ్యాక్టరీని తెచ్చాడు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు మోసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. వాళ్ల నాన్న అందులో పనిచేసినవాడే. రోడ్డు మీద నిలబడి, పొగ లేని పొగగొట్టాన్ని పది సెకండ్లు తీశాడు. పాడుబడిన పట్నం కోసం మరెక్కడికీ వెళ్లనక్కరలేకపోయింది.

కథలో ముసలామె వేషం మా అక్కది. అక్క అత్తవారి ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. 1963 జులైలో నెహ్రూ గారు పోచంపాడు దగ్గర పునాదిరాయి వేశారు; ఆనకట్ట లేచింది, శ్రీరాంసాగర్ నిండింది, ఎన్నో ఊళ్లతోపాటు ఆ ఊరూ నీళ్లలోకి పోయింది. ఆ నీళ్లతోనే ఎన్నో ఎకరాలు పండాయి, కాదనను. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే రాళ్లు, గడపలు బయటపడతాయి. అక్క మాత్రం ఇన్నేళ్లలో అటు తొంగిచూడలేదు. మనవరాలు అడిగితే కాదనలేక బయలుదేరింది.

తీసింది ఇదీ: 2074 అని తెర మీద పడుతుంది. పొగ లేని గొట్టం. బీటలు వారిన చెరువు నేల. దాని మధ్య ఆవిరి కక్కే యంత్రం. ముసలామె నడుచుకుంటూ వచ్చి తలుపు మీద చెయ్యి వేస్తుంది. అక్కడ సినిమా పేరు. లెక్కకు అన్ని ఆనవాయితీలూ ఉన్నాయి. నాకూ బాగానే ఉందనిపించింది.

రాత్రి అన్నాలయ్యాక అందరం కూర్చుని చూశాం. అక్క కళ్లజోడు సవరించుకుని, "తర్వాత?" అంది.

"తర్వాత లేదవ్వా. గింతే."

"గింతే అంటే ఎట్ల బిడ్డా? తలుపు మీద చెయ్యేసినంక తీయాలె గదా. తీస్తే ఊరు కనవడాలె గదా."

పిల్ల జవాబు చెప్పలేదు. అప్పగించడానికి ఐదు రోజులే ఉంది. స్నేహితులు, "అవ్వకు సినిమా సంగతి తెల్వదు, వదిలెయ్యి," అన్నారు. కాని తెలిసింది అవ్వకే. కాలయంత్రం చూపించడమంటే పోయినదాన్ని తిరిగి చూపిస్తామని మాట ఇవ్వడం. లోకంలో తక్కిన ప్రేక్షకులకు అది ఉత్త గుర్తు. ఊరు పోగొట్టుకున్న మనిషికి అది మాట. ఇచ్చి తప్పేదైతే ఇవ్వకూడదు.

మర్నాడు పొద్దున పిల్ల కెమెరా పట్టుకుని అవ్వతో ఒక్కతే ఎండిన చెరువులోకి వెళ్లింది. నేను గొడుగు పట్టుకుని వెనకాల నడిచాను. అక్క నడుస్తూ, ఒక్కో రాళ్లకుప్ప దగ్గర ఆగి, ఇది ఎవరి ఇల్లో చెబుతోంది. చూస్తూ చూస్తూ పిల్లకు ఫ్రిట్జ్ లాంగ్ అంకెలు తట్టాయి. యంత్రాన్ని తీసేసింది. రాకెట్టుకు బదులు ఇళ్లను వెనక్కి లెక్కించాలి; సున్నా దగ్గర సొంత గడప. 2074లో ఈ పిల్లకే డెబ్బయ్యేళ్లు వస్తాయి. మా అక్క వేస్తున్నది తన మనవరాలి వేషమన్నమాట. అంచేత కాగితం మీద రాసిచ్చినవన్నీ ఇప్పటి నందిపేట గుర్తులు: బస్టాండు, బ్యాంకు, బడి, మందుల దుకాణం, ఫోన్ల దుకాణం. రేపు ఈ ఊరూ పోతే ఎలా ఉంటుందో చూసేవారికి తట్టాలని.

అక్క రాసిచ్చినట్టే మొదలుపెట్టింది. పది, బస్టాండు. తొమ్మిది, బ్యాంకు. ఆరు దాకా సరిగ్గా చెప్పింది. ఐదు దగ్గర ఆగింది. "ఐదు... కుమ్మరోళ్ల ఇల్లు. నాలుగు, వడ్లోళ్ల ఇల్లు. మూడు, పట్వారి వాకిలి. రెండు, చేదబావి." కాగితం ఎటు పోయిందో తెలియదు. "ఒకటి, మా అత్త ఇల్లు." సున్నా అనలేదు. గడపరాయి మీద కూర్చుని కొంగుతో దుమ్ము తుడిచింది. పిల్ల కెమెరా ఆపలేదు. వెనక చప్పుడు కోసం తెచ్చుకున్న సంగీతమూ వెయ్యలేదు. పక్కన మిగిలిన నీటి చప్పుడు ఒక్కటే ఉంచింది.

బెంగాలులో సత్యజిత్ రాయ్ 1967లో 'ది ఏలియన్' అన్న స్క్రిప్టు రాశారు. ఆకాశం నుంచి వచ్చిన ఓడ పల్లెటూరి చెరువులో దిగితే, ఊరివారు అది నేలలోంచి పైకి లేచిన గుడి అనుకుని మొక్కుతారు. ఆ సినిమా ఎన్నటికీ తయారుకాలేదు. కాని ఆరంభం ఎలా ఉండాలో అందులో ఉంది. సైన్సు కథ అంటే తెలియని లోకాన్ని మన వాకిట్లోకి తీసుకురావడమే కాదు. మన వాకిటిని తెలియని లోకంగా మళ్లీ చూపించడం కూడా. 2074 అన్న నాలుగు అంకెలు లేకపోతే మా అక్క నడక పాత జ్ఞాపకం. అవి పడగానే రేపటి భయం. ఆనవాయితీ చేసే మేలు అంతే, అది చిన్నది కాదు.

మార్కులు బాగానే వచ్చాయట. చూసినవారిలో ఒకరు, "యంత్రమేదీ?" అని అడిగారట. మరొకరు లెక్క ఐదు దగ్గర ఎందుకు మారిందో అడగకుండా చాలాసేపు ఊరుకున్నారట. రెండూ చెప్పి పిల్ల నవ్వింది.

మన ఇళ్లలో ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ కెమెరా ఉంది. వాళ్లు రాకెట్లూ రాక్షసులూ గీసిన కాగితాలు తెస్తే విసుక్కోకండి. ఆ గుర్తులన్నీ మనం విన్న ఏడు చేపల కథ వంటివే, ఆసరా లేకుండా ఎవరూ కథ మొదలుపెట్టలేరు. కాకపోతే ఒక్క ప్రశ్న వెయ్యండి: "చూసేవాళ్లకు ఏం మాట ఇస్తున్నావు?" ఆ తరువాత వాళ్లకు కావలసిన పాత ట్రంకుపెట్టో, తాతగారి గొడుగో అడిగితే లేదనకుండా ఇవ్వండి. ఇంట్లో పెద్దవారుంటే వారిని కూడా వెంట పంపండి. జాబితాలో లేనిది వారి దగ్గరే దొరుకుతుంది.