బ్రేక్ ఆయిల్‌లో చేరిన నీరు

శ్రీశైలం రోడ్డు పాతబస్తీ గడప నుంచే మొదలవుతుంది. చాంద్రాయణగుట్ట దాటి, పహాడీషరీఫ్, తుక్కుగూడ మీదుగా సాగి, మన్ననూరు దగ్గర నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. సెలవు రోజు తెల్లవారకముందే ఈ దారి పట్టే కిరాయి కార్లలో వారమంతా శాలిబండ, మదీనా రద్దీలో నత్తనడక నడిచినవీ ఉంటాయి. అక్కడ వాటి బ్రేకులకు వంక పెట్టలేం. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లోనే వాటికి అసలు పరీక్ష. పెడల్ మీద కాలు తీయకుండా దిగితే డిస్కులు కాగిపోతాయి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది.

ఆయిల్ అంటున్నామే గాని మన కార్లలో, ఆటోల్లో మామూలుగా వాడేది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్లతో చేసిన ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరిందంటే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230 నుంచి 155కి. ద్రవం నొక్కితే నలగదు కాబట్టే కాలి బలం చక్రాన్ని చేరుతుంది. ఆవిరి నలుగుతుంది. ద్రవం మరిగి బుడగలు పుట్టాయంటే పెడల్ అడుగంటా దిగిపోతుంది, బండి ఆగదు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ తర్వాత జరిగేది. కాసేపటికి బండి చల్లారుతుంది. ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, పెడల్ మళ్లీ గట్టిగా తగులుతుంది. తనిఖీకి వచ్చినవారికి బ్రేకులు బాగానే కనబడతాయి, తప్పంతా డ్రైవర్ నెత్తిన పడుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలోనైనా అంతే. చల్లగా ఉన్న బండిని ఒకటి రెండుసార్లు ఆపి చూసినంత మాత్రాన ద్రవంలోని నీరు బయటపడదు.

2020 అక్టోబరు వరదల్లో హఫీజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ నీట మునిగినప్పుడు ఎన్నో ఆటోలు, కార్లు కూడా మునిగాయి. మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, సీట్లు ఆరబెడతారు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూతకు గాలి ఆడే సన్నని దారి ఉంటుందని, వరదనీటికీ అది చాలునని ఎవరికీ గుర్తుండదు. బతుకుదెరువు కోసం అదే ఆటో మళ్లీ రోడ్డెక్కుతుంది, వెనక సీట్లో బడిపిల్లలతో.

మెకానిక్కులకూ ఒక మాట చెప్పాలి. మూత తీసి వారాల తరబడి ఉంచిన డబ్బాలోని ద్రవం పనికిరాదు. మట్టం తగ్గిందని ఊరికే నింపేయడం ప్రమాదకరం. అది ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో చెబుతున్న గుర్తు. చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, అప్పుడు మొత్తం బ్రేకు వ్యవస్థకే ముప్పు.

నీటి శాతాన్ని నిమిషంలో చూపే చిన్న పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ పరీక్షలో వాటిని వాడాలని రవాణా శాఖను కోరుతున్నాం. ‘బ్రేకు ఫెయిల్’ అని రాసుకున్న ప్రతి ప్రమాదంలోనూ ఆ బండి ద్రవాన్ని సీసాలో పట్టి ల్యాబుకు పంపాలి. ఈ ద్రవాన్ని సాధారణంగా రెండేళ్లకోసారి, మునిగిన బండికైతే వెంటనే, పూర్తిగా మార్చాలి. ఇక శ్రీశైలానికి కారు మాట్లాడుకునేవారు కిరాయి సంగతి తేల్చుకునే ముందే బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగండి. జవాబు రాకపోతే ఆ కారు ఎక్కకండి.