తోటలో కనిపించని చేతులు

తెలుగు ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో ఉద్యానవన విహారం ఒకటి. మావిచిగురు, మల్లెపందిరి, కోయిల కూత, చలువరాతి తిన్నె లేని ఉద్యానం ఆ కావ్యాలలో అరుదు. నాయికా నాయకులు అక్కడ విహరిస్తారు, చెలికత్తెలు పూలు కోస్తారు. అయితే ఆ మల్లెకు పాదు చేసినదెవరు, ఎండాకాలంలో నీరు తోడినదెవరు అన్న ప్రశ్న వర్ణనలో తరచుగా తలెత్తదు. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు ఈ విషయంలో విశిష్టుడు. అతడు స్వయంగా తోట పెంచి, పూలు కోసి, మాలలు కట్టి స్వామికి సమర్పించినవాడు. తోటను అనుభవించేవానికీ, తోటను పెంచేవానికీ మధ్య ఉన్న దూరం అతనిలో మాయమవుతుంది. చారిత్రక ఉద్యానాలను సందర్శించే వారందరూ ఈ దూరాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

సికింద్రాబాదులోని బొల్లారంలో అటువంటి ఉద్యానం ఒకటి ఉంది. అదే రాష్ట్రపతి నిలయం. 1860లో నిర్మితమైన ఈ భవనం ఒకప్పుడు నిజాం సంస్థానంలోని బ్రిటిష్ రెసిడెంటుకు విడిదిగా ఉండేది. నాటి ప్రజలు దీనిని రెసిడెన్సీ హౌస్ అనేవారు. స్వాతంత్ర్యానంతరం ఇది రాష్ట్రపతి సచివాలయం అధీనంలోకి వచ్చింది. శీతకాలంలో రాష్ట్రపతి ఇక్కడ కొన్నాళ్ళు విడిది చేయడం ఆనవాయితీ అయింది. సుమారు 90 ఎకరాల ఆవరణలో ఒకే అంతస్తుతో, 11 గదులతో భవనం నిరాడంబరంగా కనిపిస్తుంది. దాని చుట్టూ పచ్చిక బయళ్ళు, మామిడి, సపోటా, జామ, ఉసిరి తోటలు, ఔషధ మొక్కల వనం, 27 నక్షత్రాలకు 27 మొక్కలతో నక్షత్రవాటిక, మెట్లబావులు ఉన్నాయి. చాలాకాలం ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే సామాన్యులకు ఇక్కడ ప్రవేశం లభించేది. 2023 మార్చి 22న, ఉగాది నాడు, ఏడాది పొడవునా సందర్శకులను అనుమతించే ఏర్పాటు మొదలైంది. ఒకనాడు ద్వారం దగ్గరే ఆగిపోయినవారి మనుమలు నేడు ఆ పచ్చికపై నడుస్తున్నారు. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయినా ద్వారం తెరుచుకొన్నంత మాత్రాన దర్శనం పూర్తి కాదు. ఇటువంటి తోటలలో ఏది చూపబడిందో దానితో పాటు ఏది మరుగుపరచబడిందో కూడా చూడాలి. ఈ మాట స్పష్టం కావాలంటే, దొరల విడిది గృహాలకు మూలమైన ఇంగ్లండు గ్రామీణ సౌధాలను ఒకసారి పరిశీలించాలి.

18వ శతాబ్దంలో ఇంగ్లండు ప్రభువులు తమ సౌధాల చుట్టూ విశాలమైన ఉద్యానాలను తీర్చిదిద్దారు. ఆ విద్యలో కేపబిలిటీ బ్రౌన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన లాన్సెలాట్ బ్రౌన్ అగ్రగణ్యుడు. మెలికలు తిరిగే సరస్సు, అక్కడక్కడ చెట్ల గుంపులు, గవాక్షం నుండి దిగంతం వరకు పరచుకొన్న పచ్చిక అతని శైలి. అంతా సహజంగా ఏర్పడినట్లే ఉంటుంది. కాని అది ఎందరో కూలీలు మట్టి తవ్వి, మోసి, నింపి సృష్టించిన సహజత్వం. ఆ తోటలలో 'హా హా' అనే ఒక గుంటగోడ ఉండేది. అది కందకం వంటిది. సౌధం వైపు నిట్టనిలువు గోడ, అవతలి వైపు వాలు ఉండడం వల్ల పశువులు ఇవతలికి రాలేవు. సౌధం నుండి చూసేవారికి మాత్రం అడ్డుగోడ కనిపించదు. లోకమంతా ఒకే పచ్చిక అన్న భ్రాంతి కలుగుతుంది.

మరుగుపరచడం గోడతోనే ఆగలేదు. డార్సెట్ ప్రాంతంలోని మిల్టన్ ఆబీ సౌధాధిపతి లార్డ్ మిల్టన్‌కు తన భవనం చెంతనే ఉన్న ఊరు కంటికి ఇంపుగా తోచలేదు. ఆ శతాబ్దపు చివరి దశకాలలో ఆయన ఆ ఊరినే కూల్పించి, నివాసులను దూరంగా కట్టించిన కొత్త గ్రామానికి తరలించాడు. నేడు యాత్రికులు ముచ్చటపడి చూసే మిల్టన్ అబ్బాస్ గ్రామం అదే. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ సౌధాన్ని నిర్మించిన లాసెల్స్ వంశీయుల సంపదకు వెస్టిండీస్ చెరకు తోటలు, బానిసల శ్రమ ఆధారం. ఆ సౌధ ఉద్యానంలోని పూలకు ఆ సంగతి చెప్పే నోరు లేదు.

ఈ చూపుతో తిరిగి బొల్లారానికి వస్తే, రాష్ట్రపతి నిలయంలోని ఒక విశేషం కొత్త అర్థం సంతరించుకొంటుంది. ఇక్కడ వంటశాల ప్రధాన భవనానికి వేరుగా ఉంది. వంటశాల నుండి భోజనశాలకు భూగర్భంలో ఒక సొరంగ మార్గం ఉంది. విందు ఆరగించే అతిథికి వడ్డన కనిపించాలి, వంటవాడి నడక కనిపించనక్కర లేదు. ఇంగ్లండులో ఊరిని కనుమరుగు చేసిన మనోభావమే ఇక్కడ సేవకుని దారిని నేలక్రిందికి దించిందని భావించవచ్చు. సంతోషకరమైన విషయమేమంటే, నేడు ఆ సొరంగం సందర్శకులకు తెరచి ఉంది. దాని గోడలను తెలంగాణ జానపద కళ అయిన చేర్యాల చిత్రాలతో అలంకరించారు. కులవృత్తుల కథలను పటాలపై చిత్రించి ఊరూరా వినిపించిన కళ అది. సేవకులు మౌనంగా నడిచిన దారికి అంతకంటె తగిన అలంకారం లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. పరాయి ప్రభువుల విలాసగృహాన్ని ఇంత జాగ్రత్తగా కాపాడడం దేనికని కొందరు అడగవచ్చు. గోడలకు సున్నం కలిపినవారూ, బావులు తవ్వినవారూ పరాయివారు కారు. కట్టడాన్ని పాడుబెడితే దొరల జ్ఞాపకంతో పాటు మన పూర్వుల పనితనం కూడా మట్టిపాలవుతుంది. ఇక రెండవ ఆక్షేపణ. తోటకు వెళ్ళేది సేద తీరడానికి కదా, అక్కడ కూడా చరిత్ర పాఠమెందుకని మరికొందరు అనవచ్చు. ఇంగ్లండులోనూ ఇదే వాదం వినిపించింది. 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అక్కడి అనేక చారిత్రక సౌధాలను, ఉద్యానాలను సంరక్షిస్తున్నది. తన అధీనంలోని 93 స్థలాలకు వలస పాలనతో, బానిసత్వంతో గల సంబంధాలను అది 2020లో ఒక నివేదికగా వెలువరించింది. ఆహ్లాదానికి వచ్చినవారిని నొప్పించడమేమిటని పలువురు నిరసించారు. కాని నిజం తెలిసినంత మాత్రాన నీడ చల్లదనం తగ్గదు. చెట్టును నాటినవాని శ్రమ తెలిస్తే ఆ నీడపై గౌరవం పెరుగుతుంది.

నగరం నుండి ఇందుకు ఒక చక్కని నిదర్శనం చూపవచ్చు. కోఠిలో 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిర్మింపజేసిన రెసిడెన్సీ భవనం స్వాతంత్ర్యానంతరం మహిళా కళాశాలకు నెలవైంది. ఆ విద్యాసంస్థ నేడు విశ్వవిద్యాలయంగా ఎదిగి, చాకలి ఐలమ్మ పేరును ధరించింది. తాను సాగుచేసిన భూమి కోసం దొరను ఎదిరించిన శ్రామిక స్త్రీ ఆమె. దర్బారు నడచిన ఆవరణకు ఆమె పేరు పెట్టడం వల్ల చరిత్ర చెరిగిపోలేదు. అంతవరకు వినిపించని కంఠమొకటి అందులో చేరింది.

బొల్లారం తోటలోనూ ఆ కంఠం వినిపించాలి. మొక్కల పేర్లు తెలిపే ఫలకాల సరసనే తోటమాలి, నీరు తోడిన భిస్తీ, వంటవాడు, చాకలి ఏ పని ఎలా చేసేవారో తెలిపే ఫలకాలు కూడా ఉండాలి. కళాశాలలు విద్యార్థులను అక్కడికి తీసుకొని వెళ్ళినప్పుడు ఛాయాచిత్రాలతో సరిపెట్టక, మెట్లబావి నుండి మొక్క పాదు వరకు నీరు నడిచిన దారిని వారిచేత గుర్తింపజేయాలి. నేడు అక్కడ కలుపు తీస్తున్న తోటమాలిని పలకరించి, ఒక మొక్క గురించి అడిగి తెలుసుకొన్న విద్యార్థికి ఏ మార్గదర్శక పుస్తకమూ ఇవ్వలేని పాఠం లభిస్తుంది. పూవును చూసి ఆనందించడం సహృదయత. పాదు చేసిన చేతిని గుర్తించడం సంస్కారం. ఈ రెండూ కలిసిన నాడే ఉద్యాన దర్శనం సార్థకమవుతుంది.