‘హార్డీ’ అంటే మొండి అని చెప్పింది నేనే

మదనపల్లె వాళ్ళం మాది చల్లటి ఊరని గొప్పలు చెప్పుకుంటాం. ఇక్కడ కుప్పం హాస్టల్లో తిరుపతి ఫ్రెండ్స్ దగ్గర నేను ఇప్పటికీ అదే బిల్డప్ ఇస్తుంటాను. ఆ నమ్మకంతోనే పోయినేడాది మా అవ్వకి ఆన్‌లైన్‌లో ఒక రోజా మొక్క తెప్పించాను. రెండు రంగుల చారలుండే హైబ్రిడ్. 850 రూపాయలు, అవ్వ పింఛను డబ్బుల్లోంచే. ‘వెరీ హార్డీ, చల్లటి ప్రాంతాలకు బెస్ట్’ అని ఇంగ్లీషులో రాసుంది.

“ఏమి రాసుండారురా దాంట్లో?” అని అవ్వ అడిగింది.

“మొండి మొక్క అవ్వా, చావదు” అన్నాను.

ఏప్రిల్ ఎండకి చచ్చిపోయింది.

తర్వాత చదివితే అర్థమైంది. గులాబీల విషయంలో హార్డీ అంటే గడ్డకట్టే చలిని తట్టుకునేది అని. ఎండ సంగతి ఆ మాటలో లేనే లేదు. కెనడా వ్యవసాయ శాఖలో ఫెలిసిటాస్ స్వేడా అనే శాస్త్రవేత్త ‘ఎక్స్‌ప్లోరర్’ గులాబీలు తయారుచేశారు. 1978లో వచ్చిన ‘జాన్ కాబట్’ వాటిలో ఒకటి. మైనస్ 30 డిగ్రీల్లో కూడా బతుకుతుంది. దాని వంశం ఇంకా విచిత్రం. జర్మనీలో కోర్డెస్ తోటలో ‘మాక్స్ గ్రాఫ్’ అనే దాదాపు గొడ్డు హైబ్రిడ్ ఉండేది. దానికి పుట్టిన ఒక మొలకలో క్రోమోజోములు వాటంతట అవే రెట్టింపయ్యాయి, సంతానం మొదలైంది. (బగ్ దానంతట అదే ఫిక్స్ అయినట్టు. మన ల్యాబ్‌లో ఎప్పుడూ జరగదు.) నిజంగా గొప్ప మొక్క, కానీ దాన్ని తయారుచేసింది ఒట్టావా చలికాలం కోసం. తెలుగులో పొగమంచూ మంచే, గడ్డమంచూ మంచే. హార్స్‌లీ హిల్స్‌లో మనం సెల్ఫీ దిగేది మొదటి దాంట్లో.

అందుకే నా అభిప్రాయం ఏంటంటే, అరుదైన రోజా కొనేటప్పుడు ఫోటో చూడకండి. దాన్ని ఎవరు, ఏ వాతావరణం కోసం పుట్టించారో అడగండి. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ ఉద్యోగం ముందే వదిలేసి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. భార్య గిరిజ గారితో కలిసి మణిపూర్ కొండల్లోని ‘జైగాంటియా’ లాంటి మన అడవి గులాబీలతో వేడి దేశాలకి పనికొచ్చే హైబ్రిడ్‌లు చేశారు. ఉండేది చల్లటి ఊళ్ళో, ఆలోచించింది మన ఎండల గురించి! వాటిలో ఒకదాని పేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’. సరోజినీ నాయుడు పుస్తకం పేరూ, హైదరాబాదులో ఆమె ఇంటి పేరూ అదే.

మదనపల్లెలో, పుంగనూరులో మూడు నర్సరీల్లో అడిగాను. ఎవరూ ఆ పేరు వినలేదు. వాళ్ళని అని ఏం లాభం, మనం అడిగితే కదా తెప్పిస్తారు! పుంగనూరు ఆవుని కూడా అది కరువైపోయాకే కదా రీల్స్‌లో చూసి మురిసిపోతున్నాం. కనీసం అమ్మే ప్రతి మొక్క ట్యాగ్ మీద ‘ఎండకి ఆగుతుందా, లేదా’ అని తెలుగులో ఒక్క ముక్క రాయాలి. మా అవ్వ చదువుకోగలిగేలా. మధ్యలో నాలాంటి అనువాదకుడు అక్కర్లేకుండా.

జూన్‌లో ఇంటికెళ్తే ఆ కుండీలో చిగుళ్ళు కనిపించాయి. సంబరపడి పుంగనూరు నర్సరీ ఆయనకి ఫోటో పంపాను. “అంటు కింద నుంచి వచ్చింది బాబూ, అది ఎడ్వర్డ్. దాని మీదే మీ హైబ్రిడ్‌ని అంటు కట్టింటారు” అన్నాడు. పీకేద్దామా అని అవ్వని అడిగాను.

“చావదంటివే, ఇదేరా అది. ఉండనీ” అంది.

ఇప్పుడు గులాబీ రంగు పూలు పూస్తోంది. చారలు లేవు. వాసన మాత్రం వీధి గుమ్మం దాకా వస్తోంది.